పెంపుడు జంతువులలో కీళ్ళవాతం

పెంపుడు జంతువులలో కీళ్ళవాతం అనగా కుక్క, పిల్లి, ఎద్దు, ఆవు, గేదె మొదలైన ఇంటి జంతువుల కీళ్ళలో మృదులాస్థి అరిగిపోవుట వలన గాని, కీలు లోపలి పొర వాచుట వలన గాని కలిగే దీర్ఘకాలిక వ్యాధి. నొప్పి, కీళ్ళు బిగుసుకొనిపోవుట, నడకలో మార్పు దీని ముఖ్య లక్షణాలు. అరుగుదల వలన వచ్చే రకాన్ని వైద్యులు ఆస్టియో ఆర్థ్రైటిస్ అంటారు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానిని గురించే. మనుషులలో వలెనే ఇది పూర్తిగా నయమయ్యే వ్యాధి కాదు. అయితే బరువు, పడక, నడక, మందులు సరిగా చూసుకుంటే జంతువు పెద్దగా బాధ లేకుండా సంవత్సరాల తరబడి జీవించగలదు.

కుక్క లేవడానికి కష్టపడుతున్నదన్నా, ఎద్దు కాడి కిందికి రావడానికి మొరాయిస్తున్నదన్నా "ముసలిదైపోయింది" అని వదిలివేయడం మనవారి అలవాటు. వయస్సు దానంతట అది వ్యాధి కాదు. నొప్పి ఉన్నదని జంతువు చెప్పలేదు కనుక దానిని కనిపెట్టే బాధ్యత యజమానిదే.

వాడుకలోని పేర్లు

తెలుగు పల్లెలలో "కుంటు" అనే మాటను అనేక వ్యాధులకు వాడుతారు. పశువు కుంటుతున్నంత మాత్రాన అది కీళ్ళవాతం అనుకోరాదు. గాలికుంటు వైరస్ వలన వచ్చే అంటువ్యాధి. అందులో నోటిలోను, గిట్టల సందులలోను పుండ్లు పడతాయి. కుంటడానికి కారణం ఆ పుండ్లే కాని కీళ్ళు కావు. జబ్బవాపు సూక్ష్మజీవి వలన కండరానికి వచ్చే వ్యాధి. వాచిన చోట చేతితో నొక్కితే చిటపటమని శబ్దం వస్తుంది, ఒకటి రెండు రోజులలోనే పశువు చనిపోవచ్చును. మూడు రోజుల జ్వరంలో కుంటు ఒక కాలి నుండి మరొక కాలికి మారుతూ ఉంటుంది. పేరుకు తగినట్లు చాలా పశువులలో అది మూడు నాలుగు రోజులలో తగ్గిపోతుంది.

ఎడ్లలోను, గేదెలలోను మరొక స్థితిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వెనుక కాలి మోకాటి చిప్ప పైకి జారి ఇరుక్కుపోయినప్పుడు కాలు వెనుకకు చాచినట్లు బిగుసుకొనిపోతుంది. పశువు గిట్టను నేలమీద ఈడ్చి, తరువాత ఒక్కసారిగా కాలిని విదిలిస్తుంది. చూసేవారు దీనిని వాతమనే అనుకొంటారు. కాని పశువైద్యుడు చిప్ప లోపలివైపు ఉండే స్నాయువును ఒకదానిని కోస్తే సరిపోతుంది. కోయవలసిన చోట మాత్రమే మత్తు ఇచ్చి చేసే ఈ చిన్న శస్త్రచికిత్సకు కొద్ది నిమిషాలే పడుతుంది. నయం కాగల ఈ లోపాన్ని వాతంగా భావించి ఎద్దును అమ్మివేసుకోవడం రైతుకు నష్టం.

కీలులో జరిగేది

రెండు ఎముకలు కలిసే చోట వాటి కొసలపై మృదులాస్థి అనే నున్నని పొర ఉంటుంది. కీలును చుట్టి ఒక సంచి, సంచి లోపల జిగురుగా ఉండే కీలు ద్రవం ఉంటాయి. బండి ఇరుసుకు కందెన ఎటువంటిదో కీలుకు ఈ ద్రవం అటువంటిది. మృదులాస్థికి రక్తనాళాలు లేవు కనుక ఒకసారి దెబ్బతింటే సరిగా పూడుకోదు. అరిగిన ముక్కలు, వాటి వలన పుట్టే రసాయనాలు సంచి లోపలి పొరను వాచేటట్లు చేస్తాయి. వాపు వలన ద్రవం పలచబడుతుంది, ద్రవం పలచబడితే అరుగుదల ఇంకా పెరుగుతుంది. కొంతకాలానికి ఎముక అంచులలో ముళ్ళవంటి పెరుగుదలలు ఏర్పడి కీలు కదలిక తగ్గిపోతుంది. నొప్పిగా ఉన్న కాలిని జంతువు వాడదు. వాడని కాలిలో కండ కరిగిపోతుంది, కండ బలం లేని కీలుపై భారం మరింత పడుతుంది.

కారణాలు

కుక్కలలో ఈ వ్యాధి కేవలం ముసలితనంలో పుట్టేది కాదు. చాలావరకు పుట్టుకతో వచ్చిన కీలు లోపమో, చిన్ననాటి దెబ్బో దీనికి మూలం. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, గోల్డెన్ రిట్రీవర్ వంటి పెద్ద జాతులలో తుంటి గుంట, తొడ ఎముక తల ఒకదానికొకటి సరిగా అమరకపోవుట సాధారణం. కుక్కలలో ఈ లోపాన్ని మొదటగా 1935లో అమెరికా పశువైద్యుడు గెర్రీ ష్నెల్ వర్ణించాడు. మన ఊళ్ళలో పామేరియన్ అని పిలిచే తెల్లని బొచ్చు కుక్కలలో చాలా భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతివి. ఇటువంటి చిన్న జాతులలో మోకాటి చిప్ప పక్కకు జారే లోపం ఎక్కువ. నడుస్తూ నడుస్తూ కుక్క ఒక వెనుక కాలిని నాలుగడుగులు ఎత్తిపట్టి, మళ్ళీ మామూలుగా నడిస్తే ఈ లోపాన్ని అనుమానించవలెను. ఊరకుక్కలలో జాతిలోపాలు తక్కువ. వాటి కీళ్ళు పాడయ్యేది ఎక్కువగా వాహనాల కింద పడి, విరిగిన ఎముక అడ్డదిడ్డంగా అతుక్కోవడం వలన.

పిడుదుల (గోమార్ల) ద్వారా వచ్చే ఎర్లికియోసిస్ అనే వ్యాధిలో కూడా కుక్కకు ఒకేసారి పలు కీళ్ళు వాచి, జ్వరం వచ్చి, నడవలేని స్థితి కలుగవచ్చును. మన వాతావరణంలో పిడుదులు ఏడాది పొడవునా ఉంటాయి. కాబట్టి వయస్సులో ఉన్న కుక్క ఉన్నట్టుండి నాలుగు కాళ్ళూ నొప్పిగా నడుస్తుంటే అరుగుదల అనుకోకుండా రక్తపరీక్ష చేయించాలి. ఇది డాక్సీసైక్లిన్ వంటి మందులకు లొంగే వ్యాధి. అప్పుడే పుట్టిన దూడలలో బొడ్డు ద్వారా సూక్ష్మజీవులు ప్రవేశించి మోకాళ్ళు వాచడం మరొక రకం. ఈనిన వెంటనే దూడ బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయడం దీనికి నివారణ.

ఫ్లోరైడు నీరు, నెల్లూరు ఎడ్లు

ఎముకలను, కీళ్ళను బిగించివేసే ఫ్లోరోసిస్ వ్యాధి తెలుగు నేలపై మొదట ఎడ్లలోనే కంటబడినదన్న సంగతి చాలామందికి తెలియదు. 1930లలో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల రైతులు తమ దుక్కిటెడ్లు కీళ్ళు బిగుసుకొనిపోయి, నొప్పితో నడవలేకపోవడం గమనించారు. ఆ తరువాతనే అదే బాధ మనుషులలోను ఉన్నదని తేలినది. 1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు ఈ ప్రాంతపు ఫ్లోరోసిస్‌ను గురించి పరిశోధన వ్యాసం ప్రకటించారు. భారతదేశంలో ఈ వ్యాధిని గురించిన తొలి శాస్త్రీయ వర్ణనలలో ఇది ఒకటి. ఈ ప్రాంతాలు 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో (అప్పటి పేరు ఒంగోలు జిల్లా) చేరినవి. తెలంగాణలో నల్గొండ ప్రాంతం ఇదే వ్యాధికి పేరుపడినది. నీటి నుండి ఫ్లోరైడును పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి నల్గొండ పద్ధతి అనే పేరు అందువలననే వచ్చినది.

నీటిలోని ఫ్లోరైడు పశువు ఎముకలలో సంవత్సరాల తరబడి పేరుకొంటుంది. ఎముకల మీద గట్టి గడ్డలు పెరుగుతాయి, స్నాయువులు సున్నంగా మారి కీలు కదలదు. లేత వయస్సు నుండి ఆ నీరే తాగిన పశువు పళ్ళపై గోధుమరంగు చారలు కనిపిస్తాయి. కుంటే పశువు పళ్ళు ఒకసారి చూడమని పెద్దలు చెప్పడంలో అర్థమున్నది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణం. ఇంటిలోనివారికి శుద్ధిచేసిన నీరు తెచ్చుకొని, పశువుల తొట్టిలో మాత్రం ఫ్లోరైడు ఉన్న బోరు నీరే పోస్తే పశువు సంగతి మారదు. చెరువు నీరు, వాన నీరు దొరికే కాలంలో వాటిని తాగించడం మేలు. పేరుకొన్న ఫ్లోరైడును ఎముకల నుండి తీసివేసే మందు లేదు.

గుర్తించే విధానం

జంతువులు నొప్పిని దాచుకొంటాయి. అడవిలో కుంటే జంతువు వేటకు బలి అవుతుంది కనుక ఇది వాటికి సహజంగా వచ్చిన లక్షణం. కుయ్యోమని అరవడం లేదు కాబట్టి నొప్పి లేదనుకోవడం సరికాదు.

కుక్క పడుకొని లేచేటప్పుడు ముందు కాళ్ళతో శరీరాన్ని లాక్కొన్నట్లు లేవడం, లేచిన తరువాత మొదటి పది అడుగులు బిరుసుగా వేసి తరువాత కాస్త సాఫీగా నడవడం తొలి గుర్తులు. చలికాలపు ఉదయాలలోను, ముసురు పట్టినప్పుడు ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మిద్దె మెట్లు ఎక్కకపోవడం, స్కూటరుపై ఎక్కడానికి తటపటాయించడం, వెనుక కాళ్ళు కుందేలు వలె రెండూ కలిపి గెంతడం, ఒకే కీలును పదేపదే నాకడం కూడా గమనించదగినవి. ఎప్పుడూ పిల్లలతో ఆడే కుక్క నడుము మీద చేయి వేయగానే గుర్రుమంటే అది పొగరు కాదు, నొప్పి. అటువంటి కుక్కను కొట్టడం, గొలుసుతో కట్టివేయడం రెండూ తప్పే. కదలిక లేక కీళ్ళు ఇంకా బిగుసుకొంటాయి.

పిల్లి విషయం ఇంకా కష్టం. దానికి సాధారణంగా రెండు పక్కల కీళ్ళూ సమానంగా అరుగుతాయి కనుక కుంటు కనిపించదు. 2002లో అమెరికాలో 12 సంవత్సరాలు పైబడిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించగా 90 పిల్లులలో కీళ్ళ అరుగుదల గుర్తులు బయటపడినవి. వాటిలో చాలా పిల్లుల యజమానులకు ఆ సంగతి తెలియదు. పిల్లి మానివేసిన పనులను బట్టి మనం తెలుసుకోవాలి. అటకకు ఒక్క గెంతులో ఎగిరే పిల్లి ముందు బస్తా మీదికి, తరువాత గోడమీదికి మెట్లుగా ఎక్కుతున్నదా? వీపు వెనుక భాగం నాకి శుభ్రం చేసుకోలేక బొచ్చు ఉండలు కడుతున్నదా? గోళ్ళు అరగక వంకర తిరిగినవా? ఇసుక పళ్ళెం అంచు దాటలేక పక్కన మూత్రం పోస్తున్నదా? పిల్లి చెవుల వాలు, కన్నుల ముడుపు, మూతి, మీసాలు, తల వంపు చూసి నొప్పికి అంకెలు వేసే కొలమానాన్ని కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం వారు 2019లో ప్రచురించారు. అది అప్పటికప్పుడు కలిగే తీవ్రమైన నొప్పికి ఉద్దేశించినది. దీర్ఘకాలపు నొప్పికి ఇంటివారి గమనికే ముఖ్యం.

ఎడ్లలో బరువు ఒక కాలి నుండి మరొక కాలికి మార్చుకొంటూ నిలబడడం, మడమ కీలు లోపలి వైపు గట్టిగా ఉబ్బడం, పడుకోవడానికి చాలాసేపు తిరుగాడడం లక్షణాలు. వయస్సు, వ్యాధి, గాయం వలన పనికి తగని జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ విభాగం కింద నేరం. పని మాన్పించి విశ్రాంతి ఇవ్వడం దయ మాత్రమే కాదన్నమాట.

నిర్ధారణ

పశువైద్యుడు ముందు నడిపించి చూస్తాడు, తరువాత ఒక్కొక్క కీలును వంచి, చాచి, నొప్పి ఎక్కడనో తెలుసుకొంటాడు. ఎక్స్‌రే తోడ్పడుతుంది కాని ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకు, జంతువు పడే బాధకు ఎప్పుడూ పొంతన ఉండదు. కొద్ది మార్పుతోనే చాలా బాధపడేవి ఉన్నవి, కీలు బాగా పాడైనా తిరిగేవి ఉన్నవి. ఆసుపత్రిలో భయం వలన జంతువు కుంటడం మానివేయడం తరచు జరుగుతుంది. కాబట్టి ఇంటివద్ద లేచే తీరును, నడకను సెల్‌ఫోనులో రెండు నిమిషాలు చిత్రించి తీసుకొనిపోవడం మంచిది. కీలు వేడిగా ఉండి, జ్వరం కూడా ఉంటే కీలు ద్రవాన్ని సూదితో తీసి పరీక్షించవలసి రావచ్చును.

మందు కంటే ముందు చేయవలసినవి

కీళ్ళవాతానికి అన్నింటికంటే గట్టి వైద్యం బరువు తగ్గించడం. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కపిల్లలను 24 జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండవదాని కంటే నాలుగో వంతు తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. 2002లో వెలువడిన ఫలితాల ప్రకారం తక్కువ తిన్న గుంపు మధ్యస్థ ఆయువు 13 సంవత్సరాలు, ఎక్కువ తిన్న గుంపుది 11.2. కీళ్ళ అరుగుదలకు చికిత్స అవసరమైన వయస్సు మొదటి గుంపులో 13.3 సంవత్సరాలు, రెండవ గుంపులో 10.3. ఒకే తల్లి పిల్లలలో తిండి తేడా ఒక్కటే మూడు సంవత్సరాల నొప్పిని వాయిదా వేసినది. ఈ ఫలితం సాధించిన మందు ఇంతవరకు లేదు.

మన ఇళ్ళలో కుక్కకు నెయ్యి అన్నం, పెరుగన్నం, బిస్కెట్లు, ఇంటికి వచ్చిన ప్రతివారి చేతి ముద్ద అన్నీ ప్రేమగానే పెడతారు. వేళ్ళతో తడిమితే పక్కటెముకలు తేలికగా తగలాలి, పైనుండి చూస్తే నడుము సన్నగా కనిపించాలి. అలా లేకపోతే అన్నం తగ్గించి, ఉడికించిన గుడ్డు, మాంసం, గుమ్మడి వంటివి వైద్యుని సలహాతో పెంచాలి. పిల్లిని మాత్రం పస్తు ఉంచరాదు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణాపాయం కలుగుతుంది. దాని బరువు నెలల మీద తగ్గించాలి.

రెండవది నేల. పాత ఇళ్ళలో మట్టినేల, నాపరాయి ఉండేవి. ఇప్పుడు గ్రానైటు, టైల్సు వచ్చినవి. నున్నని నేలపై కాళ్ళు జారే కుక్క ప్రతి అడుగుకూ కీళ్ళను బిగబట్టి నడుస్తుంది. అది తిరిగే దారిలో గోనెసంచులు, పాత జంపఖానా, కొబ్బరిపీచు పట్టాలు పరిస్తే ఆ రోజే తేడా కనిపిస్తుంది. పైసా ఖర్చు లేని ఈ పని మందులు మొదలుపెట్టే ముందే చేయదగినది. గోళ్ళు పెరిగితే జారడం ఎక్కువవుతుంది కనుక కత్తిరించాలి. పడుకొనే చోట నాలుగు మడతలు వేసిన దుప్పటి ఉండాలి. తిండి గిన్నెను పీట మీద ఎత్తుగా పెడితే మెడ, భుజాలకు సుఖం. ఇసుక పళ్ళేనికి ఒక పక్క అంచు కోసివేస్తే పిల్లి తేలికగా దిగుతుంది. గొడ్ల చావిడిలో రాతిపలకల మీద గడ్డి, పొట్టు దళసరిగా పరచి, తడి లేకుండా చూడాలి.

నడక మానరాదు. ఆదివారం రెండు గంటలు పరుగెత్తించి, మిగతా వారం కట్టివేయడం కంటే రోజుకు మూడుసార్లు పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిపించడం మేలు. బంతి విసిరి తెమ్మనే ఆట, ఎత్తునుండి దూకడం మానిపించాలి. ఈత చాలా మంచిది, నీటిలో బరువు తెలియకుండానే కండ పెరుగుతుంది. అయితే ప్రవాహం లేని చోట, గట్టు వాలుగా ఉన్న చోట, మనిషి తోడుతో మాత్రమే దింపాలి. దీర్ఘకాలపు బిగువుకు గోరువెచ్చని కాపడం హాయినిస్తుంది. ఎర్రగా, వేడిగా వాచిన కీలుకు కాపడం పెట్టరాదు.

మందులు

ఇంట్లో ఉన్న నొప్పి మాత్రను జంతువుకు పెట్టడం ఈ వ్యాధిలో జరిగే అతి పెద్ద ప్రమాదం. మనిషి శరీరం పారాసిటమాల్‌ను కాలేయంలో ఒక పద్ధతిలో విరిచి బయటకు పంపుతుంది. ఆ పనికి కావలసిన ఎంజైము పిల్లిలో దాదాపు లేదు. మిగిలిపోయిన విషపదార్థం ఎర్ర రక్తకణాలను చెడగొట్టడం వలన రక్తం ప్రాణవాయువును మోయలేదు. చిగుళ్ళు గోధుమ లేదా నీలి రంగుకు మారి, ముఖము, పంజాలు వాచి పిల్లి చనిపోతుంది. 4 కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల మాత్ర సగం కూడా ప్రాణాంతకమే. పొరపాటున పెట్టినట్లయితే లక్షణాల కోసం వేచి ఉండక వెంటనే తీసుకొనిపోవాలి. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉన్నది, కాని గంటలు గడిచేకొద్దీ దాని ఫలం తగ్గుతుంది. ఆస్పిరిన్ మోతాదు సగం తగ్గడానికి పిల్లి శరీరంలో ఒకటిన్నర రోజుకు పైగా పడుతుంది.

కుక్కలలో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు పడవేసి రక్తస్రావం కలిగిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మనం మోకాలికి రాసుకొనే నొప్పి లేపనాన్ని జంతువు నాకినా ప్రమాదమే. యజమానులు రాసుకొన్న ఫ్లర్బిప్రోఫెన్ లేపనం వలన పిల్లులు మరణించినట్లు 2015లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరిక జారీచేసినది.

కుక్కలకు మెలాక్సికామ్, కార్ప్రోఫెన్ వంటి మందులను పశువైద్యులు వాడుతారు. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పుకొంటే విషయం స్పష్టమవుతుంది. మెలాక్సికామ్ కుక్కకు మొదటి రోజు కిలోకు 0.2 మిల్లీగ్రాము, తరువాత రోజుకు కిలోకు 0.1 మిల్లీగ్రాము చొప్పున ఇస్తారు. అంటే 10 కిలోల కుక్కకు రెండవ రోజు నుండి 1 మిల్లీగ్రాము. మనుషుల దుకాణంలో దొరికేది 7.5, 15 మిల్లీగ్రాముల మాత్రలు. "అదే మందు కదా" అని ఒక పెద్ద మాత్ర వేస్తే పదిహేను రెట్లు వేసినట్లు. అందుకే జంతువులకు చుక్కల మందుగా తయారుచేస్తారు. ఈ మందులు అన్నం తిన్న తరువాతనే ఇవ్వాలి. వాంతి, నల్లని విరేచనం, తిండి మానడం కనిపిస్తే ఆపివేసి వైద్యుని కలవాలి. ఎక్కువ కాలం వాడేటప్పుడు మూత్రపిండాలకు, కాలేయానికి సంబంధించిన రక్తపరీక్షలు ఆరు నెలలకొకసారి చేయించడం అవసరం. స్టెరాయిడ్ సూదిని, ఈ మందులను కలిపి వాడరాదు. స్టెరాయిడ్ వేయగానే జంతువు లేచి తిరగడం చూసి దానినే మళ్ళీ మళ్ళీ వేయించేవారు ఉన్నారు. అరుగుదల వ్యాధిలో పదేపదే వాడితే మృదులాస్థికి అది మేలు చేయదు.

నొప్పిని మోసే నరాల పెరుగుదల కారకాన్ని అడ్డగించే ప్రతిరక్షక సూదులు ఇటీవల వచ్చినవి. పిల్లులకు ఫ్రునెవెట్‌మాబ్‌ను 2022లోను, కుక్కలకు బెడిన్‌వెట్‌మాబ్‌ను 2023లోను అమెరికాలో ఆమోదించారు. వీటిని నెలకొకసారి వేస్తారు. బెడిన్‌వెట్‌మాబ్ వేసిన కుక్కలలో నరాల సంబంధమైన దుష్ఫలితాలు నమోదైనట్లు 2024 డిసెంబరులో అక్కడి ఔషధ సంస్థ పశువైద్యులకు తెలియజేసినది.

గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ పొడులను విరివిగా అమ్ముతున్నారు. 2022లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం వీటి వలన నొప్పి తగ్గుతుందనడానికి ఆధారం లేదు. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వులకు అంతకంటే మంచి ఆధారాలు ఉన్నవి. పసుపు హాని చేయదు గాని దాని మీద ఆధారపడి వైద్యం మానరాదు. వాచిన కీలుపై కాల్చిన ఇనుముతో వాతలు పెట్టే పాత అలవాటు పూర్తిగా విడిచిపెట్టవలసినది. ఒక నొప్పికి తోడు రెండవ నొప్పి కలుగుతుంది, కాలిన పుండుకు చీము పడుతుంది, కీలు లోపల మారేది ఏమీ లేదు.

తుంటి కీలు బాగా పాడైన కుక్కలకు తొడ ఎముక తలను తీసివేయడం, కృత్రిమ కీలు అమర్చడం వంటి శస్త్రచికిత్సలు ఉన్నవి.

ఎద్దు నొప్పి, రాబందు చావు

పశువు కీళ్ళనొప్పికి వేసిన ఒక సూది ఆకాశంలో తిరిగే పక్షి జాతినే దాదాపు తుడిచిపెట్టినది. 1990ల నుండి దక్షిణాసియాలో రాబందులు కుప్పలుగా చనిపోసాగినవి. భారతదేశంలో 1992, 2007 సంవత్సరాల మధ్య తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా తగ్గిపోయినవి. కారణం డైక్లోఫెనాక్ అని 2004లో నేచర్ పత్రికలో లిండ్సే ఓక్స్ బృందం ప్రకటించినది. కుంటుకు, జ్వరానికి ఈ మందు వేసిన పశువు కొద్ది రోజులలో చనిపోతే, ఆ కళేబరాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై, యూరిక్ ఆమ్లం లోపలి అవయవాలపై తెల్లగా పేరుకొని మరణిస్తుంది.

భారత ప్రభుత్వం 2006లో పశువులకు డైక్లోఫెనాక్ తయారీని నిషేధించినది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతుండడంతో 2015లో ఆ సూదిమందును 3 మిల్లీలీటర్ల ఒకే మోతాదు సీసాలకు పరిమితం చేశారు. కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్‌లను 2023లో, నిమెసులైడ్‌ను 2024 డిసెంబరులో పశువులకు నిషేధించారు. మెలాక్సికామ్, టోల్ఫెనామిక్ ఆమ్లం రాబందులకు హాని చేయవని పరీక్షలలో తేలినది. కాబట్టి ఎద్దుకు, గేదెకు నొప్పి సూది వేసే ముందు అది ఏ మందో అడిగి తెలుసుకొనే హక్కు రైతుకు ఉన్నది. తెలంగాణలో కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల గూళ్ళను 2013లో గుర్తించారు. పాల పశువులకు ఏ నొప్పి మందు వేసినా కొన్ని రోజులు పాలు వాడరాదు. ఎన్ని రోజులో మందును బట్టి వైద్యుడు చెబుతాడు.

వైద్య సదుపాయం

ఎన్.టి.ఆర్. జిల్లా గంపలగూడెం మండలంలోని పెనుగొలను వంటి తిరువూరు ప్రాంతపు గ్రామాలలో ఒకప్పుడు ఇంటి జంతువు అంటే ఎద్దు, గేదె, గుమ్మం ముందు ఊరకుక్క. దుక్కికి ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గినవి, జాతికుక్కలు పల్లెలకు కూడా చేరినవి. చేతికి అందే వైద్యం ఇప్పటికీ ఎక్కువగా పాడి పశువులకు ఉద్దేశించినదే. ఈ ప్రాంతం వారికి ఎక్స్‌రే, శస్త్రచికిత్స వంటివి కావలసినప్పుడు గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఆసుపత్రి ఒక ఆధారం. 1998లో ఏర్పడిన ఈ కళాశాల ఇప్పుడు తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్నది. కదలలేని పశువు కోసం 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలువవచ్చును. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ వాహనాలు 2022 మే నుండి తిరుగుతున్నవి.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు జంతువు వయస్సు, కుంటు మొదలైన తేదీ, గడచిన రెండు వారాలలో ఇచ్చిన మాత్రలు, వేయించిన సూదుల వివరాలు కాగితం మీద రాసుకొని, ఖాళీ సీసాలను, మాత్రల అట్టలను కూడా తీసుకొనిపోవాలి. పేరు తెలియని సూది ఏదైనా పడి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పాలి. అది స్టెరాయిడ్ అయి ఉండవచ్చును గనుక, దాని ప్రభావం తగ్గేవరకు కొద్ది రోజులు ఆగి గాని వైద్యుడు నొప్పి మందు మొదలుపెట్టడు.